వియత్నామీ పద్యం పాత బాణీలో రాయడం ఎలా: లుక్ బాత్ నుంచి తాంగ్ ఛందస్సు దాకా

మన పద్యానికి లఘువు, గురువు ఎలాంటివో వియత్నామీ పద్యానికి బంగ్, చక్ అలాంటివి. మనం మాత్రలు లెక్కపెడతాం. వాళ్లు స్వరం ఎటు పోతోందో చూస్తారు. అక్షరాన్ని ఒకే ఎత్తులో నిలిపినా, మెల్లగా కిందికి జార్చినా అది బంగ్, అంటే సమం. పైకి లేచినా, వంగినా, విరిగినా, గొంతులో తొక్కిపెట్టినట్టు పలికినా అది చక్, అంటే వక్రం. ఆరు, ఎనిమిది అక్షరాల పాదాలతో నడిచే లుక్ బాత్ అయినా, చైనాలోని తాంగ్ రాజుల కాలపు ఛందస్సయినా ఈ రెండింటి అల్లికే. ఈ తేడా చెవికి పట్టకముందే భావం కోసం, పాత మాటల కోసం వెతికితే రాసింది అర్థవంతంగానే ఉండొచ్చు, కానీ వియత్నామీ చెవికి అది పద్యంలా వినిపించదు.

వియత్నామీ నేర్చుకుంటూ, ఇప్పుడు వాడుకలో ఉన్న క్వోక్ ఙూ లిపిలో వాక్యాన్ని కూడబలుక్కుని చదవగలిగినవారి కోసం రాసింది ఇది. ఉదాహరణలన్నీ హనోయ్ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఉన్నాయి. తెలుగు లిపిలో స్వరం కనబడదు కాబట్టి అవసరమైన చోట పక్కన గుర్తు వేశాం: బ1 అంటే ఎత్తు మారని స్వరం, బ2 అంటే కిందికి జారే స్వరం (ఈ రెండూ బంగ్), చ అంటే చక్.

ముందు చెవి

స్వరాలు ఆరు. ‘మా’ అనే ఒక్క అక్షరంతో ఆరూ నేర్చుకోవచ్చు. గుర్తు ఏమీ లేకుండా ఎత్తు మారకుండా పలికితే (ఙాంగ్) దయ్యం. కిందికి జార్చితే (హువెన్) ‘కానీ’. పైకి లేపితే (సక్) అమ్మ. వంచి పలికితే (హోయ్) సమాధి. మధ్యలో విరిచి పలికితే (ఙా) గుర్రం. కింద తొక్కిపెట్టి పలికితే (నంగ్) వరి నారు. మొదటి రెండూ బంగ్, మిగతా నాలుగూ చక్.

కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో టెలెక్స్ పద్ధతిలో టైప్ చేస్తే వేళ్లే మీకు ఛందస్సు నేర్పుతాయి. టెలెక్స్‌లో స్వరానికి ఐదు కీలు: ఎస్, ఎఫ్, ఆర్, ఎక్స్, జె. మాట చివర వీటిలో ఏదీ నొక్కకపోయినా, ఎఫ్ నొక్కినా ఆ అక్షరం బంగ్. ఎస్, ఆర్, ఎక్స్, జెలలో ఏది నొక్కినా చక్. రోజూ పదిహేను నిమిషాలు ఏదో ఒక పేరా చూసి టైప్ చేయండి. రెండు వారాలకు వేలు ఏ కీ మీదికి వెళ్లిందో చూడకుండానే అక్షరం ఏ జాతిదో తెలిసిపోతుంది.

ఇంకో సూత్రం కూడా గుర్తుంచుకోండి. ప్, త్, క్, చ్ అనే హల్లులతో ముగిసే అక్షరానికి సక్ గానీ నంగ్ గానీ తప్ప వేరే స్వరం ఉండదు, కాబట్టి అది ఎప్పుడూ చక్కే. లుక్ బాత్‌లో ప్రాసలన్నీ బంగ్‌లోనే పడాలి. ఈ హల్లులతో ముగిసే మాట ఏదీ అక్కడ ప్రాసస్థానంలో నిలబడలేదు. ప్రాస మాటల కోసం వెతికేటప్పుడు ఇది మీ జాబితాను చాలా తగ్గిస్తుంది.

దక్షిణాదివాళ్లు హోయ్, ఙా రెండింటినీ ఒకేలా పలుకుతారు. రెండూ చక్కే కాబట్టి ఛందస్సుకు ఇబ్బంది లేదు. అయితే వాళ్ల నోట చాలా మాటల్లో చివరి న్‌కీ ఙ్‌కీ తేడా వినబడదు. సైగాన్ యాసలో నేర్చుకున్నవారు ప్రాసను చెవితో సరిచూశాక రాతలో కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

20 పాదాలు చేత్తో ఎత్తిరాయండి

రాయడం మొదలుపెట్టేముందు న్గుయెన్ జూ రాసిన కియూ కథ తీసుకోండి. 3254 పాదాలూ లుక్ బాత్‌లోనే నడిచిన కావ్యం అది. ఆయన రాసింది చైనా అక్షరాల ఆధారంగా చేసుకున్న పాత నోమ్ లిపిలో, ఇప్పుడు అందరూ చదివేది క్వోక్ ఙూలో. మొదటి 20 పాదాలు పాదానికి ఒక గీత వదిలి నోటుబుక్కులో ఎత్తిరాయండి. ప్రతి అక్షరం కింద బ1, బ2, చ వేయండి. ప్రాస మాటలకు సున్నా చుట్టి, ఒకదాన్నుంచి ఇంకోదానికి గీత కలపండి. గంటన్నర పని. పుస్తకంలో చూపిన చట్రాన్ని బట్టీపట్టడం కన్నా ఇదే మేలు. గీతలు మెట్లు మెట్లుగా కిందికి దిగడం కంటికి కనిపిస్తుంది.

అలా కలిపేటప్పుడే ఒక సంగతి తెలుస్తుంది. రెండో పాదం చివరి మాట ‘ఞవ్’, మూడో పాదం చివర ‘జవు’, నాలుగో పాదం ఆరో అక్షరం ‘డవ్’. ఈ మూడూ ఒకే ప్రాస గొలుసు. కానీ నడిమి మాటలోని అచ్చు మిగతా రెండింటి అచ్చుతో అచ్చంగా ఒకటి కాదు, దగ్గరి బంధువు. అచ్చంగా కలిసే ప్రాసను వన్ చిన్ అంటారు, దగ్గరగా కలిసేదాన్ని వన్ థోంగ్ అంటారు. అంత పెద్ద కవే మొదటి నాలుగు పాదాల్లో వన్ థోంగ్ వాడాడు, మీరూ వాడొచ్చు. పూర్తిగా తప్పిపోయిన ప్రాసను లాక్ వన్ అంటారు, దాన్ని మాత్రం ఎవరూ క్షమించరు.

లుక్ బాత్ చట్రం

లుక్ అంటే ఆరు, బాత్ అంటే ఎనిమిది. ఆరక్షరాల పాదం, దాని వెంట ఎనిమిదక్షరాల పాదం. ఈ జంట ఎన్నిసార్లయినా సాగుతుంది. జానపద గీతాలూ జోలపాటలూ దీనిలోనే ఉంటాయి, పెద్ద కథలూ దీనిలోనే నడుస్తాయి. ఆ మాటకొస్తే మన ద్విపదకు ఉన్న చోటే అక్కడ దీనిది.

ఆరక్షరాల పాదంలో 2, 4, 6 స్థానాలు వరుసగా బంగ్, చక్, బంగ్. ఎనిమిదక్షరాల పాదంలో 2, 4, 6, 8 స్థానాలు బంగ్, చక్, బంగ్, బంగ్. బేసి స్థానాలకు కట్టుబాటు లేదు. ఆరక్షరాల పాదం చివరి ప్రాస, వెంటనే వచ్చే ఎనిమిదక్షరాల పాదంలో ఆరో అక్షరంతో కలవాలి. ఆ పాదం ఎనిమిదో అక్షరం కొత్త ప్రాసను ఎత్తుకుని, తర్వాతి ఆరక్షరాల పాదం చివరి అక్షరానికి అందిస్తుంది. అంటే ప్రతి ఎనిమిదక్షరాల పాదంలోనూ పాత ప్రాస ఆరో చోట ముగుస్తుంది, కొత్తది ఎనిమిదో చోట పుడుతుంది. మన ప్రాస పాదం మొదట్లో రెండో అక్షరాన్ని పట్టుకుంటుంది. అక్కడిది చివరనా, నడుమనా కూడా పడుతుంది. నడుమ పడే ప్రాసే లుక్ బాత్‌కు ఆ ఊయల లాంటి నడక ఇస్తుంది.

కొత్తవారు ఎక్కువగా మరిచిపోయే నియమం ఒకటుంది. ఎనిమిదక్షరాల పాదంలో 6, 8 రెండూ బంగే అయినా ఒకటి బ1 అయితే రెండోది బ2 కావాలి.

నాలుగు పాదాలు కట్టిచూద్దాం

మొదట ఒక దృశ్యం, ఒక్కటే. సాయంత్రం, నది, వాన, ఎవరికోసమో ఆగివున్న పడవ. దృశ్యం రాగానే పాదం రాయకండి. ముందు ప్రాస మాటలు పోగుచేయండి. ‘సోంగ్’ (నది) ప్రాసకు అందే బంగ్ మాటలు ఖోంగ్ (లేదు), డోంగ్ (పొలం), మోంగ్ (ఎదురుచూపు). కనీసం ఆరేడు మాటలు దొరకని ప్రాసతో మొదలుపెట్టకండి. మూడో జంటకే చిక్కుకుపోతారు.

మొదటి పాదం:

చియూ నై మువ డో బేన్ సోంగ్
(ఈ సాయంత్రం నది పక్కన వాన కురిసింది)
బ2 బ1 బ1 చ బ1 బ1

2 బంగ్, 4 చక్, 6 బంగ్. సరిపోయింది. ఇక ఎనిమిదక్షరాల పాదం ఆరో చోట ‘ఖోంగ్’ రావాలి. మాట్లాడే భాషలో సహజంగా నోటికొచ్చేది ఇది:

కొన్ డో నమ్ డొయ్ మా ఖోంగ్ థై ఆయ్
(పడవ ఎదురుచూస్తూ పడుంది, ఎవరూ కనబడలేదు)

‘ఖోంగ్ థై ఆయ్’ అంటే ఎవరూ కనబడలేదు, పూర్తిగా వాడుక మాట. ప్రాస కలిసింది, చక్ కూడా నాలుగో చోటే ఉంది. కానీ ఖోంగ్ బ1, ఆయ్ కూడా బ1. పాదం చివర రెండు ప్రాసస్థానాలు ఒకే ఎత్తులో నిలిచిపోయాయి. పైకి చదివి చూడండి, పాదం వాలకుండా గాల్లో ఉండిపోయినట్టు వినిపిస్తుంది. ‘ఆయ్’ స్థానంలో జారుస్వరం ఉన్న మాట కావాలి:

కొన్ డో నమ్ డొయ్ మా ఖోంగ్ థై ఙువొయ్
బ1 బ2 బ2 చ బ2 బ1 చ బ2

‘ఙువొయ్’ అంటే మనిషి. ‘ఎవరూ’ పోయి ‘మనిషి’ వచ్చేసరికి భావం కూడా మెరుగైంది. పడవ ఎదురుచూస్తున్నది ఎవరో ఒక మనిషి కోసమని తెలిసింది. ఛందస్సు కోసం మార్చిన మాట భావాన్ని కూడా ఒక మెట్టు ఎక్కిస్తే ఆ మార్పు నిలుస్తుంది. భావం మెట్టు దిగితే వేరే మాట వెతకాల్సిందే.

ఇప్పుడు మూడో పాదం చివర ‘ఙువొయ్’తో కలిసే మాట కావాలి. ‘చొయ్’ (ఆకాశం) ఉంది. అచ్చు కాస్త తేడా, అది వన్ థోంగ్. మొదటిసారి రాసేవారికి ఇలా వస్తుంది:

ఖోయ్ లామ్ క్వియెన్ వొయ్ చన్ చొయ్
(నీలిపొగ ఆకాశపు అంచుతో కలిసిపోయింది)

నియమాలన్నీ సరిగానే ఉన్నాయి. కానీ మొదటి పాదంలో వాన కురుస్తోంది కదా! వానలో పొయ్యి పొగ ఆకాశపు అంచుదాకా ఎలా పోతుంది? పాత బాణీలో రాసేటప్పుడు ఇలాంటి తప్పే ఎక్కువ జరుగుతుంది. పొగ, చంద్రుడు, చింత, సంధ్య అన్నీ పాత పద్యాల్లో ఉన్నాయి కదా అని ఏరుకొచ్చి కలిపేస్తారు, అవన్నీ ఒకే సాయంత్రం ఉండగలవా అని చూడరు. సరిచేస్తే:

మువ తాన్, ఖోయ్ క్వియెన్ చన్ చొయ్
(వాన వెలిసింది, పొగ ఆకాశపు అంచులో కలిసింది)
బ1 బ1 చ చ బ1 బ2

ఒక్క ‘మువ తాన్’తో సమయం కూడా ముందుకు జరిగింది. నాలుగో పాదం ఆరో చోట ‘చొయ్’తో కలిసేది, ఎనిమిదో చోట దానికి వేరే ఎత్తున్న బంగ్ కావాలి:

మాయ్ చెఓ కొన్ ఞో తియెంగ్ కువొయ్ నమ్ సువ
(తెడ్డుకు ఆనాటి నవ్వు ఇంకా గుర్తుంది)
చ బ2 బ2 చ చ బ2 బ1 బ1

ఆరో అక్షరం ‘కువొయ్’ బ2, ఎనిమిదో అక్షరం ‘సువ’ బ1. రెండో పాదంలో ఎగువ నుంచి దిగువకు వాలితే, నాలుగో పాదంలో దిగువ నుంచి ఎగువకు లేచింది. జంట జంటకూ ఇలా మారుతూ ఉంటే పద్యం విసుగు పుట్టించదు. ఐదో పాదం రాయాలంటే ‘సువ’తో కలిసే డువ (చేర్చు), థువ (పలచన), చువ (ఇంకా లేదు) లాంటి మాటలు సిద్ధంగా ఉండాలి. ఏ పాదమైనా రాసేముందు దాని చివరి మాటకు తర్వాతి పాదంలో జోడీ ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

లుక్ బాత్‌లో దొర్లే తప్పులు

ఒకే మాటను రెండుసార్లు ప్రాసగా వాడటం మొదటి తప్పు. అర్థం వేరైతే తప్ప అది బలహీనతే. రెండోది అక్షరాల లెక్క కోసం మా (కానీ), థీ (అయితే), లా (అంటే), డా (అయిపోయింది) లాంటి చిన్న మాటలు దూర్చడం. ఎనిమిదక్షరాల పాదంలో అలాంటివి రెండు ఉంటే పాదంలో సరుకు చాలలేదని అర్థం. పైన రెండో పాదంలో ఒక ‘మా’ ఉంది. ఎదురుచూపుకూ నిరాశకూ నడుమ మలుపు అదే కాబట్టి దాన్ని ఉంచాం.

మూడోది నడక. లుక్ బాత్ సాధారణంగా రెండేసి అక్షరాల అడుగులతో నడుస్తుంది. రెండక్షరాల జంటమాట 2, 3 స్థానాల మీద అడ్డంగా పడితే నడక కుంటుతుంది. ఆరక్షరాల పాదాన్ని మూడు, మూడుగా విరవడం మాత్రం పెద్దల సంప్రదాయంలోనే ఉంది. అలా విరిచినప్పుడు రెండో స్థానంలో చక్ వచ్చినా ఒప్పుకుంటారు. ‘చంగ్ చువొక్ ఙో, జో సౌ ఞా’ (వీధి ముందు వెన్నెల, ఇంటి వెనక గాలి) అంటే రెండో అక్షరం చక్ అయినా రెండు సగాలూ అద్దంలో ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి కాబట్టి చెవి ఒప్పుకుంటుంది. ఇది ఇరవై పాదాల్లో ఒకసారి చాలు.

ఆరు, ఎనిమిదికి ముందు రెండు ఏడులు

లుక్ బాత్ చేతికి వచ్చాక సాంగ్ థత్ లుక్ బాత్ ప్రయత్నించండి. ఏడక్షరాల పాదాలు రెండు, వాటి వెంట ఆరు, ఎనిమిది. యుద్ధానికి వెళ్లిన భర్త కోసం భార్య పడే ఆవేదన, అంతఃపురంలో ఎవరూ పట్టించుకోని స్త్రీ ఫిర్యాదు లాంటి దీర్ఘ విలాపాలకు 18వ శతాబ్దంలో దీన్నే ఎంచుకున్నారు. మొదటి ఏడు చివర చక్ ప్రాస. అది రెండో ఏడులో ఐదో అక్షరంతో కలుస్తుంది. రెండో ఏడు చివర బంగ్ ప్రాస. అది ఆరక్షరాల పాదం చివరికి అందుతుంది. అక్కడినుంచి మీకు తెలిసిన లుక్ బాతే. ఎనిమిదో అక్షరం తర్వాతి చరణపు మొదటి ఏడులో ఐదో అక్షరంతో కలుస్తుంది, కొన్నిచోట్ల మూడోదానితో.

మొదటి ఏడులో 3, 5, 7 స్థానాలు చక్, బంగ్, చక్. రెండో ఏడులో బంగ్, చక్, బంగ్. ఇక్కడ ఏడును మూడు, నాలుగుగా విరవాలి. తాంగ్ పద్యంలో నాలుగు, మూడు. ఈ తేడా పట్టించుకోనివారు రాసిన ఏడులు తాంగ్ పద్యంలోంచి ఊడిపడ్డట్టు ఉంటాయి.

తాంగ్ ఛందస్సు: మొదట నాలుగు పాదాలే

డువోంగ్ లువత్ అంటే తాంగ్ నియమం. చైనా నుంచి వచ్చిన ఈ పద్ధతిని వియత్నామీ మాటల్లో రాయడం న్గుయెన్ థువెన్‌తో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. 1282లో ఆయన నదిలోని మొసళ్లను ఉద్దేశించి నోమ్‌లో రాసిన రచనను చరిత్ర గ్రంథాలు నమోదు చేశాయి. రాజు ఆయనకు హాన్ అనే ఇంటిపేరు ఇవ్వడంతో ఈ పద్ధతికి హాన్ లువత్ అనే పేరు కూడా వచ్చింది. హ్యూ నగరంలో 1919లో చివరి రాజపరీక్ష జరిగేదాకా ఈ పద్యం పండితుల పరీక్షకు ఒక కొలత. అందుకే నియమాలు ఇంత బిగువు.

పూర్తి రూపం ఎనిమిది పాదాలు, పాదానికి ఏడక్షరాలు, మొత్తం 56. దానికి వెళ్లేముందు తు తువెత్ అనే నాలుగు పాదాల రూపంలో, అంటే 28 అక్షరాల్లో, చేయి తిప్పుకోవాలి. ఇందులో నియమాలన్నీ చిన్న కొలతలో ఉంటాయి. ఇదిగో ఒకటి:

చియూ బువోంగ్ ఖోయ్ ఞాత్ ఫూ డువోంగ్ సా
లోయ్ కూ నమ్ నావ్ బాన్ గే క్వా
చువొక్ ఙో హ్వా జొయ్ ఙువొయ్ వంగ్ బోంగ్
బేన్ థేమ్ చంగ్ జోయ్ చెన్ ఖోంగ్ చా

(సాయంత్రం దిగింది, పలచని పొగ దూరపు దారిని కప్పింది. ఏనాడో మిత్రుడు వచ్చిపోయిన పాత దారి అది. వీధి ముందు పూలు రాలాయి, మనిషి జాడ లేదు. మెట్టు పక్క వెన్నెల పడింది, గిన్నెలో టీ లేదు.)

1, 2, 4 పాదాల చివర ఒకే బంగ్ ప్రాస: సా, క్వా, చా. మూడో పాదం చివర చక్. ‘ఒకటి, మూడు, ఐదు పట్టించుకోనక్కర్లేదు; రెండు, నాలుగు, ఆరు స్పష్టంగా ఉండాలి’ అనేది ఇక్కడి పాత సూత్రం. మొదటి పాదం రెండో అక్షరం ‘బువోంగ్’ బంగ్ కాబట్టి ఈ పద్యం బంగ్ లువత్‌ది. 2, 4, 6 వరుస ఇలా నడుస్తుంది:

1: బంగ్, చక్, బంగ్
2: చక్, బంగ్, చక్
3: చక్, బంగ్, చక్
4: బంగ్, చక్, బంగ్

రెండో పాదమూ మూడో పాదమూ ఒకేలా ఉన్నాయి, మొదటిదీ నాలుగోదీ ఒకేలా ఉన్నాయి. ఈ అతుకును నియెమ్ అంటారు. జంట పాదాల మధ్య ఎదురు వరుస, జంటకూ జంటకూ మధ్య అదే వరుస. ఇది తప్పితే థత్ నియెమ్. కొత్తవారు ప్రతి పాదాన్నీ ముందుదానికి ఎదురుగా పెట్టుకుంటూ పోతారు, అక్కడే అతుకు ఊడుతుంది. ఎనిమిది పాదాల్లో 2-3, 4-5, 6-7, 1-8 పాదాలు అతుక్కోవాలి. ప్రాస 1, 2, 4, 6, 8 పాదాల చివర.

నాలుగో పాదంలో మూడో అక్షరం ‘చంగ్’ బంగ్. అచ్చమైన చట్రంలో అక్కడ చక్ ఉండాలి, కానీ అది బేసి స్థానం, ఫరవాలేదు. ఐదో అక్షరం విషయంలో మాత్రం ఆ స్వేచ్ఛను నమ్ముకోకండి. ‘చెన్’ (టీ గిన్నె) బదులు ఈకాలపు ‘లీ’ (గ్లాసు) వేస్తే చివర ‘లీ ఖోంగ్ చా’, మూడూ బంగ్ అవుతాయి. పాదం చివర మూడు బంగ్‌లు వరుసగా పడితే చప్పగా జారిపోతుంది, తెలిసినవారు దాన్ని తప్పుగానే లెక్కిస్తారు. పైగా పాత ఇంటి మెట్టు పక్కన గ్లాసు పెడితే దృశ్యం కూడా చెడుతుంది.

డోయ్: జంట పాదాల తూకం

ఎనిమిది పాదాల్లో మొదటి రెండు విషయాన్ని ఎత్తుకుంటాయి, 3-4 దాన్ని చూపిస్తాయి, 5-6 దాని మీద ఆలోచిస్తాయి, 7-8 ముగిస్తాయి. 3-4, 5-6 జంటల్లో డోయ్ తప్పనిసరి. డోయ్ అంటే మాటకు మాట, స్వరానికి ఎదురుస్వరం. నాలుగు పాదాల రూపంలో అది ఐచ్ఛికం, అయినా సాధన కోసం పైన చివరి రెండు పాదాలకూ పెట్టాం. విప్పి చూడండి:

చువొక్ ఙో (వీధి ముందు) – బేన్ థేమ్ (మెట్టు పక్క): చోటుకు చోటు.
హ్వా జొయ్ (పూలు రాలు) – చంగ్ జోయ్ (వెన్నెల పడు): నామవాచకం, క్రియ రెండుచోట్లా. ‘జొయ్’ బంగ్, ‘జోయ్’ చక్.
ఙువొయ్ వంగ్ బోంగ్ (మనిషి, లేదు, జాడ) – చెన్ ఖోంగ్ చా (గిన్నె, లేదు, టీ): మూడు మాటలకూ మూడు మాటలు, ప్రతి మాటకూ ఎదురు స్వరం.

డోయ్ బాగా కుదిరిందా అని చూడటానికి ఒక పద్ధతి: రెండు పాదాలనూ ఒకదాని కింద ఒకటి ఏడు గళ్లలో రాయండి. ప్రతి గడిలో పైమాట, కిందమాట ఒకే జాతివా అని చూడండి. పేరు కింద పేరు, అంకె కింద అంకె, రంగు కింద రంగు. జంటధ్వని మాట ఉంటే దాని కింద జంటధ్వని మాటే ఉండాలి. 19వ శతాబ్దపు కవయిత్రి బా హువెన్ థాన్ క్వాన్ ఒక కొండ కనుమ గురించి రాసిన పద్యంలో ఒక పాదాన్ని ‘లోమ్ ఖోమ్’ (వంగి వంగి) అని మొదలుపెట్టి దాని జోడీ పాదాన్ని ‘లాక్ డాక్’ (అక్కడొకటి ఇక్కడొకటి) అని మొదలుపెట్టింది. మొదటి జంటధ్వని రెండక్షరాలూ బంగ్, రెండోదానివి రెండూ చక్. డోయ్ ఎంత దగ్గరగా కుదరగలదో అక్కడ నేర్చుకోవాలి.

డోయ్‌లో పెద్ద ప్రమాదం రెండు పాదాలూ ఒకే మాట చెప్పడం. వీధి ముందు పూలు రాలాయి, తోట పక్కన ఆకులు రాలాయి అంటే తూకం కుదురుతుంది, కానీ రెండో పాదం వృథా. రెండో పాదం కొత్త వస్తువును తేవాలి. పైన మొదటి పాదం మనిషి లేడంటే, రెండోది టీ లేని గిన్నెను చూపిస్తుంది. ఇద్దరు కూర్చుని తాగాల్సిన టీ అది అని అప్పుడు తెలుస్తుంది.

మాటల సంచి

వియత్నామీలో చాలా వస్తువులకు రెండేసి మాటలు ఉంటాయి, తరచూ ఒకటి స్థానికం, ఇంకొకటి చైనా నుంచి వచ్చింది. ఛందస్సుకు ఇదే పెద్ద ఆసరా. ఒక చిన్న పుస్తకంలో జంటలు రాసుకోండి: వెన్నెలకు చంగ్ (బంగ్), ఙువెత్ (చక్). కొండకు నూయ్ (చక్), నొన్ (బంగ్). దారికి డువోంగ్ (బంగ్), లోయ్ (చక్). మనిషికి ఙువొయ్ (బంగ్), వచ్చిపోయే మనిషికి ఖాక్ (చక్). ఏ స్థానంలో ఏ స్వరం కావాలో దాన్నిబట్టి ఎంచుకోవచ్చు.

అయితే ఒక హద్దు ఉంది. చైనా నుంచి వచ్చిన చాలా మాటలు ఒంటరిగా నిలబడవు. గాలికి స్థానిక మాట జో చక్, చైనా మాట ఫోంగ్ బంగ్. బంగ్ కావాలి కదా అని ‘ఫోంగ్ థోయ్’ (గాలి వీచింది) అని రాస్తే వియత్నామీ పాఠకుడు అక్కడే ఆగిపోతాడు. ఫోంగ్ జంటమాటల్లోనే బతుకుతుంది. ఒంటరిగా అనాల్సిన చోట ‘జో’నే అనాలి, స్థానం మార్చుకోవాలి.

పాత ఉపమానాలు, పురాణ ప్రస్తావనలు ఎనిమిది పాదాలకు ఒకటి చాలు. సముద్రం మల్బరీ తోటగా మారిందనే ప్రస్తావన లోకం తలకిందులైందని చెప్పడానికి అందరూ వాడిందే. అది ఉన్నచోట మిగతా పాదాలు మామూలు మాటల్లో ఉంటేనే అది మెరుస్తుంది. చైనా కవుల నుంచి అరువు తెచ్చుకున్న మంచును కూడా పాత వియత్నామీ పద్యాల్లో చూస్తారు. మీరు రాసేది హనోయ్ చలికాలం గురించి అయితే సన్నని తుంపర, పొగమంచు రాయండి. అక్కడ పడేవి అవి.

బదులు పద్యం

నియమాలు కుదిరాక చేయాల్సిన కసరత్తు హ్వా, అంటే ఒకరి పద్యానికి బదులు చెప్పడం. ఎనిమిది పాదాల పద్యం ఒకటి తీసుకుని దాని ఐదు ప్రాస మాటలనూ అదే వరుసలో ఉంచి మీ పద్యం రాయాలి. ప్రాస మాటకు ముందున్న అక్షరం మూలంలో ఉన్నదే మళ్లీ రాకూడదు. మూలంలో ‘డువోంగ్ సా’ (దూరపు దారి) ఉంటే మీ పాదం కూడా ‘డువోంగ్ సా’ అని ముగియకూడదు, ‘సా’ను వేరే మాటతో తేవాలి. ఈ ఒక్క నియమమే ప్రాస మాటను కొత్త చోట చూడటం నేర్పుతుంది. బదులు పద్యం విషయం కూడా మూలానికి జవాబు కావాలి. ప్రాసలు కలిసి విషయం పక్కకు పోతే దాన్ని హ్వా అనరు.

ఇంకో కసరత్తు తప్ కియూ. కియూ కథలోని వేర్వేరు పాదాలను ఏరి, ప్రాస గొలుసు తెగకుండా కొత్త పద్యంగా కూర్చడం. ఎనిమిది పాదాలు కూర్చడానికి వందల పాదాలు తిరగేయాల్సి వస్తుంది. ఆ తిరగేతలో ఏ ప్రాసకు ఎన్ని మాటలున్నాయో మీకు అలవాటైపోతుంది.

ఆఖరి తనిఖీ

పద్యం పూర్తయ్యాక కాగితం మీద ఒకసారి, నోటితో ఒకసారి సరిచూడాలి. కాగితం మీద సరి స్థానాల స్వరం, ప్రాస గొలుసు, నియెమ్, 6-8 స్థానాల బ1-బ2 తేడా, ఈ వరుసలో చూడండి. నోటితో చదివేటప్పుడు 2, 4, 6 అక్షరాల దగ్గర బల్ల మీద వేలు తట్టండి. వేలు ఎక్కడ తడబడిందో అక్కడ జంటమాట విరిగి ఉంటుంది, లేదా చిన్న మాట ఒకటి ఊరికే దూరి ఉంటుంది.

తర్వాత వియత్నామీ మాతృభాషగా ఉన్న ఒకరికి మీరు చదవకుండా కాగితం ఇచ్చి వాళ్లచేత పైకి చదివించండి. వాళ్లు ఆగిన అక్షరం దగ్గర గీత పెట్టండి. ‘ఇలా ఎవరూ అనరు’ అన్న చోట రెండు గీతలు పెట్టండి. రెండు గీతలున్న చోట ముందు సరిచేయండి. సరిచేసిన మాట ఎనిమిదక్షరాల పాదం చివరిదైతే, తర్వాతి ఆరక్షరాల పాదం చివరి మాటనూ దాని కింది పాదం ఆరో అక్షరాన్నీ కూడా మార్చాల్సి వస్తుంది. అందుకే ఆ చివరి మాటను అన్నింటికన్నా ఆఖర్న ముట్టుకోండి.